అత్త పేరున్న కంచాలు

మా గెడ్డవలసలో పేపరు పళ్ళేలకీ ప్లాస్టిక్ గ్లాసులకీ కాలం చెల్లేలా చేసింది ఏ ఆఫీసరూ కాదు, చిన్నతల్లి ఇంటి పొయ్యి.

ఆ ఏడు కార్తీకంలో ఒక వాన పడింది. నా చిన్నప్పుడు ముసురు పట్టి నాలుగు రోజులపాటు తీరిగ్గా కురిసే వాన, ఈమధ్య ఒక్క పూటలో అంతా కుమ్మరించేసి చేతులు దులుపుకుని పోతోంది. ఇదీ అలాంటిదే. ఊరి పక్క వాగు, మేం గెడ్డ అంటాం, పొంగింది. పొంగడం దానికి కొత్త కాదు. కానీ పొంగిన నీళ్ళు కల్వర్టు కిందనుంచి పోవాలి కదా, అవి పోలేదు. ఆ వారమే ఎగువ వీధిలో ఒకరింట్లో గృహప్రవేశం జరిగింది. తిన్న పళ్ళేలూ తాగిన గ్లాసులూ ఎప్పట్లాగే తెచ్చి గెడ్డలో పారబోశారు. అవన్నీ కొట్టుకొచ్చి కల్వర్టుకి అడ్డం పడ్డాయి. నీళ్ళు వెనక్కి తిరిగి దిగువ వీధి ఇళ్ళల్లోకి వచ్చాయి. కోతకొచ్చిన వరి పల్లంలో నానిపోయి కంకి మీదే మొలకెత్తింది.

నీళ్ళు తీశాక చూస్తే చిన్నతల్లి పొయ్యి నిండా ఎవరో తిని పారేసిన పళ్ళేలు. ఆవిడ వాటిని బుట్టకెత్తి తెచ్చి, మా పొదుపు సంఘం మీటింగులో నడిమధ్యన గుమ్మరించింది.

“ఇయ్యి ఎవలివో ఆలు ఏరుకోండి. నాను తిన్నియ్యి కావు. ఆ బోజనానికి నన్ను పిలవనేదు కూడాను,” అంది.

అందరం పగలబడి నవ్వాం. నవ్వాక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఏ ఇంటికి ఆ ఇల్లు ఏదో ఒక పెళ్ళికో పేరంటానికో ఆ గెడ్డలో పారబోసినవాళ్ళమే.

తర్వాత రాజాం నుంచి కాలేజీ పిల్లలు వచ్చారు. భూమి వేడెక్కిపోతోందనీ, సముద్రం మీద గాలి వరస మారిందనీ, అందుకే వానలు గాడి తప్పుతున్నాయనీ బోర్డు మీద బొమ్మలు వేసి చెప్పారు. బాగానే చెప్పారు, నాకు అర్థమైంది కూడా. కానీ నా నోరు ఊరుకోదు.

“వానని ఆపడం మన వల్ల కాదు బాబూ. కల్వర్టు నోరు మూయకుండా ఉండడం మన సేతిలో పని. ఇకమీదట ఈ ఊళ్ళో ఏ కార్యమైనా పారీసే కంచం ఉండకూడదు. అంతే,” అన్నాను.

“మరి దేన్లో ఎడతావే తులసీ? దోసిళ్ళలోనా?” అని వెనకనుంచి ఎవరో అన్నారు.

అరిటాకులున్నాయి కదా అనకండి. మాఘం నుంచి వైశాఖం దాకా ఊళ్ళో జరిగే పెళ్ళిళ్ళన్నిటికీ ఆకులు కోస్తే తోటలో మొండేలు మిగులుతాయి. పైగా ఆ ఎండలకి ఆకు చీలికలు పీలికలై వేలాడుతుంది. అడ్డాకు విస్తళ్ళు తెద్దామంటే, వాటి వెనక కూడా ఇప్పుడు ప్లాస్టిక్ కాగితం అంటించే అమ్ముతున్నారు. కానీ స్టీలు సామానుకి మాత్రం మా ఊళ్ళో కరువు లేదు. ఏ ఇంటి అటక చూసినా విరిగిపోయేటన్ని కంచాలు ముట్టుకోకుండా పడున్నాయి. ఇంటికి కొన్ని చొప్పున ఇస్తే సంఘం గదిలో పెట్టి తాళం వేస్తాం. ఎవరింట్లో కార్యమైతే వాళ్ళు పట్టుకెళ్ళి, తోమి, తిరిగి అప్పగించాలి. దానికి కంచాల బ్యాంకు అని పేరు పెట్టాం.

మా ఊరి గురించి నాకు తెలుసు గనక పెద్ద ఆశలు పెట్టుకోలేదు. తీరా చూస్తే, గట్టివాళ్ళని పేరుపడ్డ ఇళ్ళల్లోంచి కూడా కట్టలకి కట్టలు దిగాయి. కవరు కూడా విప్పని కంచాలు. “ఇంకా గావాలేటి, అటక మీద ఉన్నాయి,” అని వెనక్కి పిలిచి మరీ ఇచ్చారు. నా మాటకి ఇంత విలువుందా అని మురిసిపోయాను. బస్తాల్లో వేసి, మూతులు కట్టి, సంఘం గదిలో పెట్టి తాళంచెవి నా బొడ్డులో దోపుకున్నాను.

బ్యాంకు పెట్టాక ఊళ్ళో మొదటి పెళ్ళి మా ఇంట్లోనే పడింది. నా ఆడపడుచు ఝాన్సీకి వైశాఖంలో ముహూర్తం. పెళ్ళికొడుకువాళ్ళది శ్రీముఖలింగం వైపు. పెళ్ళికొడుకు తండ్రి ఎల్లాజీ గారు మర్యాదలు గోరంత తగ్గినా కొండంత చేసే మనిషని ముందే విన్నాం.

మా ఇల్లంటే నలుగురం. నేను, నా పెనిమిటి ధర్మేంద్ర బావ, ఝాన్సీ, మావ జగన్నాధం. అత్త నారాయణమ్మ పోయి రెండేళ్ళయింది. ఆవిడ నాకు మేనత్త కూడా, మా నాన్న చెల్లెలు. కోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టకముందే ఆవిడ చేతి ముద్దలు తిని పెరిగినదాన్ని. ఆవిడ పోయాక మావ ఏ శుభకార్యానికీ వెళ్ళడం మానేశాడు. జంట లేని మనిషి ముందు నిలబడకూడదని ఎవరూ చెప్పకుండానే తనకి తను ఒక నియమం పెట్టుకున్నాడు. ఎవరైనా పిలవడానికొస్తే బొట్టు పెట్టించుకోడానికి నన్నే ముందుకి తోసి, తను పెరట్లోకి వెళ్ళిపోయేవాడు. ఝాన్సీ పెళ్ళిలో కన్యాదానం కూడా బావా నేనూ చెయ్యాలని తేల్చేశాడు.

“జంటున్నోలు పీటల మీద కూకోవాల. నాను ఎనకాల ఎక్కడో కూకుంతాను,” అన్నాడు. నాకు నచ్చలేదు గానీ, ఆచారం గనక ఎదురు చెప్పలేదు.

కంచాల మాట మాత్రం ఎత్తాను.

“మావా, బ్యాంకు సామానుతో మొదటి పెళ్ళి మనదే అవ్వాల. మనింట్లోనే పేపరు పళ్ళెం కనపడితే ఊళ్ళో ఇంకెవులూ నా మాట ఇనరు. గది ఆ రోజే మూసీసుకోవాల.”

“ఊళ్ళో మాట ఇచ్చీసినావేటి?”

“ఇచ్చీసినాను.”

“ఇచ్చీసినాక నన్నడగడం ఎందుకే మరి?” అని నవ్వాడు. “కానీ. సామాను మాత్రం తళతళనాడాల. ఎల్లాజీ బావ కంచానికి సొట్టుంటే పెళ్ళికి సొట్టున్నట్టు మాట్లాడతాడు.”

ఆ మాట ఊరంతా పాకింది. రాజాంలో పేపరు ప్లేట్ల దుకాణం పెట్టిన మా ఊరి ఉపేంద్ర, మా బావని సంతలో ఆపి, “సరదా తీరనీ బావా. పెళ్ళినాడు నాకు ఫోన్ వస్తాది సూడు,” అన్నాడట. ఫోన్ వెళ్ళకూడదు, అంతే. నాకు అదొక్కటే పంతం పట్టుకుంది.

పెళ్ళికి ముందురోజు పొద్దెక్కాక సంఘం గది తలుపు తీశాం. బస్తాలు బోరు దగ్గరికి మోయించి గుమ్మరించాం. చింతపండు, బూడిద, కొబ్బరి పీచు అన్నీ సిద్ధం. ఆడవాళ్ళం కొంగులు దోపి వరసగా కూర్చున్నాం. చిన్నతల్లి మొదటి కంచం కవరు చింపి, నీళ్ళు పోసి, ఆగిపోయింది.

“తులసీ, ఇటు రాయే.”

“ఏటి, సొట్టేటైనా ఉన్నాదేటి?”

“సొట్టయితే బాగున్ను. అంచు సదువు.”

చదివాను. ‘కీర్తిశేషులు’ అని మొదలైంది. తర్వాత ఒక ముసలాయన పేరు. స్వర్గస్థులైన తేదీ. చివర జ్ఞాపకార్థం. పక్క కంచం తీశాను, అదీ కీర్తిశేషులే. ఇంకో కట్ట విప్పాను, అందులోనూ వాళ్ళే.

మా వైపు పెద్దకర్మ నాడు వచ్చినవాళ్ళకి, పోయినవాళ్ళ పేరు కొట్టించిన కంచం ఇచ్చి పంపుతారు. ఇస్తే వద్దనకూడదు. ఇంటికి తెచ్చాక పారేయకూడదు. అలాగని అందులో అన్నం తినడానికి మనసు రాదు. అందుకని అది అటకెక్కుతుంది. ఊరి కోసం కంచాలు అడిగేసరికి ప్రతి ఇల్లాలికీ ఒకటే ఉపాయం తట్టింది. మిగతావాళ్ళంతా మంచివే ఇస్తారు కదా, వాటి మధ్య మావి ఎవరు చూస్తారు అని. ఇక నా సంగతంటారా, పేరు కొట్టించని గిన్నె మా ఇళ్ళల్లో ఉండదు గనక కంచం మీద పేరుంటే అది నా కంటికి ఆనలేదు. పేరు ఎవరిదో చదవాలన్న ఊసే రాలేదు.

బోరు దగ్గర ఒకరు నీళ్ళలోకి చూస్తున్నారు, ఒకరు బూడిద కెలుకుతున్నారు. చివరికి చిన్నతల్లే అంది.

“ఊరందరం కలిసి ఎంత మంచి పని సేసినామే! పైలోకంలోలకి బంతి యేసినాం.”

అప్పుడు మొదలైంది నవ్వు. ఆపుకోలేక ఒకరి మీద ఒకరు పడిపోయాం. “నీవి కావేటి?” “నీవి మాత్రం కావేటి?” అని ఒకరినొకరు బయటపెట్టుకున్నాం. నాకు కళ్ళల్లోంచి నీళ్ళొచ్చేశాయి. ఆ నీళ్ళు తుడుచుకుని చేతిలో ఉన్న కంచం చూశాను. అంచు మీద ‘నారాయణమ్మ’ అని ఉంది. మా అత్త. దాని కిందది కూడా మా అత్తే. ఆ కట్టంతా మా అత్తే. ఆ మాటకొస్తే ఆ కుప్పలో ఎక్కువ భాగం ఆవిడవే.

ఎందుకుండవు? అత్త పెద్దకర్మకి మావ ఒక్క గడప విడిచిపెట్టకుండా ఇచ్చాడు. రాజాం వెళ్ళి, దుకాణంలో మిషను పక్కనే కూర్చుని, ఆవిడ పేరులో ఒక్క అక్షరం వంకర పోకుండా చూసి మరీ కొట్టించాడు.

దాచేద్దామనుకునేలోపే మావ వచ్చేశాడు. పందిట్లోకి తాటాకులు దింపించి, మా పని ఎంతవరకు వచ్చిందో చూద్దామని వచ్చాడు. మా నవ్వు ఆగిపోవడం చూసి, ఏమైందని అడగకుండా వంగి ఒక కంచం తీశాడు. ఆయన కంటిచూపు బాగానే ఉంటుంది. చదివాడు. ఇంకొకటి తీశాడు. దాని మీద దుకాణంవాళ్ళు అంటించిన రేటు కాగితం అలాగే ఉంది. గోటితో దాన్ని గీకబోయి, మానేశాడు.

“ఈ కాయితం కూడా పీకనేదు,” అన్నాడు నెమ్మదిగా. “ఒక్కలింటిలోనూ దీన్లో మెతుకు ఎట్టనేదన్నమాట.”

చిన్నతల్లి తల మీద కొంగు లాక్కుంది.

“మనింట్లో ఉండాలివి కొన్ని. అవేవి తులసీ?”

అబద్ధం చెప్పడానికి నాకు నోరు రాలేదు. “ఇందల్నే ఉన్నాయి మావా. నానే అటక దింపి ఇచ్చినాను.”

“సర్లే,” అన్నాడు. కంచాన్ని మెల్లగా కుప్ప మీద పెట్టి, పందిరి వైపు కాకుండా ఇంటి వైపు వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది. పెళ్ళి నాటికి ఆయన మనసు కష్టపెట్టినందుకు నాకు అక్కడే కూర్చుని ఏడవాలనిపించింది. కానీ అంతమంది చేతులు నా కోసం ఆగి ఉన్నాయి. “తోమండి,” అన్నాను. ఏం చెయ్యాలో తేలకపోయినా, తోమితే తప్పు లేదు కదా.

తోమి బోర్లించేసరికి సంగతి బావకి తెలిసింది. పరిగెత్తుకొచ్చాడు.

“సచ్చిపోయినోల కంచాల్లో మగపెళ్ళోలకి బోజనమెడితే ఎల్లాజీ మావ పందిట్లోంచే ఎల్లిపోతాడే! పేర్లు గీకించడానికి టైము నేదు. ఉపేంద్రకి ఫోన్ సేస్తాను. గంటలో ఆటోకేసి పంపిస్తాడు. ఎవులూ నిన్నేటీ అనరు.”

“అనరు బావా. నవ్వుతారు. నవ్వీసి, మళ్ళీ గెడ్డలోనే పారబోస్తారు. కార్తీకానికి సిన్నతల్లి పొయ్యి మళ్ళీ నిండుతాది.”

“అయితే ఏటి సెయ్యమంటావు?”

నాకూ తెలీదు. “మావ అన్నం తిననీ. ఆ తరవాత నీ ఇష్టం,” అన్నాను.

దీపాలు పెట్టే వేళకి ఇంటి నిండా చుట్టాలు. మావ మాత్రం వెనక వసారాలో ఒక్కడే కూర్చున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళి కంచం కోసం చెయ్యి చాచాను. ఆయన రోజూ తినే కంచం అక్కడే ఉంది. దాన్ని పక్కకి జరిపి, బోరు దగ్గరనుంచి తెచ్చిన కంచాల్లోంచి అత్త పేరున్నది ఒకటి తీశాను. అన్నం పెట్టి, గుమ్మడికాయ దప్పళం పోసి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను. పేరు ఆయన వైపే ఉండేలా పెట్టాను.

మావ చూశాడు. నా వైపు చూశాడు. నేను నీళ్ళ గ్లాసు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఆయన నెమ్మదిగా అన్నం కలిపాడు. నాలుగు ముద్దలు తిన్నాక, “దప్పళం ఇంకొంచెం ఉన్నాదేటి?” అని అడిగాడు.

తేవడానికి లేచేసరికి గుమ్మంలో ఝాన్సీ. పెళ్ళికూతుర్ని చేసిన పిల్ల, ఒంటి మీద పసుపు ఇంకా ఆరలేదు.

“ఒదినా, నాకూ ఆ కంచంలో ఎట్టు,” అంది.

ఊరికి ఎన్ని నీతులు చెప్పినా, పెళ్ళికూతురు చేత కీర్తిశేషుల కంచంలో తినిపించడానికి నాక్కూడా చెయ్యి రాలేదు. “తెల్లారితే పెళ్ళి పెట్టుకుని ఏటే ఆ మాట?” అన్నాను.

“మాయమ్మ కంచంలో నాను తినకూడదేటి?” అంది ఆ పిల్ల. అడగడం కాదు, నిలదీయడం అది. తండ్రి పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఇద్దరికీ వడ్డించాను. నేనూ ఒకటి తెచ్చుకున్నాను. మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చిన బావ ఒక చేతిలో ఫోన్ పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయాడు. కాసేపటికి ఫోన్ జేబులో పెట్టి, తనూ కంచం కోసం లోపలికి వెళ్ళాడు.

ఆ రాత్రి ఉపేంద్రకి ఫోన్ వెళ్ళలేదు.

మర్నాడు ముహూర్తం పొద్దుటిది. బావా నేనూ పీటల మీద కూర్చుని ఝాన్సీ చెయ్యి పెళ్ళికొడుకు చేతిలో పెట్టాం. మావ అన్న ప్రకారం పందిరి చివర స్తంభాన్ని ఆనుకుని నిలబడ్డాడు. తాళి కట్టేటప్పుడు జనం అడ్డంపడితే మునివేళ్ళ మీద లేచి చూశాడు.

ఆ తర్వాత మగపెళ్ళివాళ్ళకి మొదటి బంతి. బల్లల ముందు ఎల్లాజీ గారు నడుమ కూర్చున్నారు. చిన్నతల్లి కంచాల దొంతర ఎత్తుకుని వచ్చింది గానీ, అడుగు ముందుకి పడడం లేదు. ఊళ్ళోవాళ్ళంతా పందిరి అంచుల్లో మూగారు. వాళ్ళకి ఆకలి లేదు, ఏం జరుగుతుందోనని ఆత్రం. నేను దొంతర అందుకోబోయాను. ఈలోపు వెనకనుంచి ఒక చెయ్యి వచ్చి దాన్ని తీసుకుంది. మావ. పంచె బిగించి, మొదటి మనిషి దగ్గరనుంచి మొదలుపెట్టి ఒక్కొక్క కంచం తనే వేసుకుంటూ వెళ్ళాడు. ఎల్లాజీ గారి ముందు వేసింది అత్త పేరున్న కంచం. ఏరి వేశాడని నా నమ్మకం.

ఎల్లాజీ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. చదివారు. మొహం ఎర్రబడింది.

“ఇదేటి బావా ఇది? పెళ్ళిబంతిలో పోయినోల పేర్లేటి? మంచీ సెడ్డా సూసుకోరేటి మీ ఊళ్ళో?”

వడ్డించేవాడు గరిటె ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండిపోయాడు. మావ మిగిలిన కంచాలు బల్ల మీద పెట్టి, కండువాతో చేతులు తుడుచుకున్నాడు.

“సూసుకున్నాం బావా. ఆ పేరు నీ కోడలి తల్లిది. ఆ తల్లి కన్న పిల్లని ఇప్పుడే నీ కొడుకు పక్కన కూకోబెట్టినాం. పిల్ల మంచిదైనప్పుడు తల్లి పేరు సెడ్డెలగవుతాది?” గొంతు పెంచలేదు. “ఉండుంటే నీకు తనే వడ్డించును. నేదు గాబట్టి పేరొచ్చినాది. గెడ్డలో పారీసే పళ్ళెంలో ఎట్టడం నీకు మర్యాదంటావా, ఆమె కంచంలో ఎట్టడం మర్యాదంటావా, నువ్వే సెప్పు.”

ఎల్లాజీ గారు కంచం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన లేస్తే బంతంతా లేస్తుంది. బంతి లేస్తే బ్యాంకు పోతుంది, దాని వెనక మావ మొహం చూడడం నా వల్ల కాదు.

బంతి చివరినుంచి ఒక ముసలామె గొంతు లేచింది. “ఒరే ఎల్లాజీ, నాకొచ్చిన దాని మీద ఏటి రాసున్నాదో సదవరా, నాకు ఆనదు.” పక్కనున్నాయన వంగి చదివాడు. ముసలామె బుగ్గ నొక్కుకుంది. “ఓలమ్మ, ఆడేటి! మా పెదనాన్న అల్లుడు. బొబ్బిలి సంతలో ఎడ్ల బేరానికొచ్చి మా ఇంటిలోనే తొంగునీవోడు. నాకేటి, నాను తింతాను. నెయ్యెయ్యండి.”

దాంతో ఎవరి కంచం వాళ్ళు తిప్పి చదువుకోవడం మొదలెట్టారు. “మాది ఎవులో రాజాం ఆయనది.” “ఈయన నాకు మేస్టారురా!” “ఇదిగో, ఈవిడది మా కళింగపట్నమే.” మా ఊరికీ వాళ్ళ ఊరికీ మధ్య ఇన్ని చుట్టరికాలున్నాయని పెళ్ళి కుదిర్చిన పెద్దలకి కూడా తెలీదు. ఆ గోలలో ఎల్లాజీ గారు ఇంకా పట్టుదలగా ఎంతసేపు కూర్చోగలరు?

“పప్పెక్కడే?” అని గట్టిగా అరిచారు. “కంచం ఏసీసి ఊరుకుంతారేటి?”

ఆ అరుపు నాకెంత తియ్యగా వినిపించిందో చెప్పలేను. మావ పప్పు గిన్నె కూడా తనే అందుకున్నాడు. ఆ పూట చివరి బంతి దాకా ఆయన స్తంభం దగ్గరికి మళ్ళీ వెళ్ళలేదు.

పెళ్ళయ్యాక మిగిలిన కూడు కుడితిలోకి వెళ్ళింది, కంచాలు తోమిన నీళ్ళు కొబ్బరిమొక్కలకి వెళ్ళాయి. గెడ్డకి మా ఇంటినుంచి ఏమీ వెళ్ళలేదు. పెద్ద పెళ్ళి జరిగిన ఇంటి వెనక కాకులు లేకపోవడం మా ఊళ్ళో అదే మొదటిసారి. ఆ తర్వాత జరిగిన పెళ్ళిళ్ళకి నేను ఎవరికీ చెప్పుకోనక్కర్లేకపోయింది. ముహూర్తం పెట్టుకున్న వెంటనే తాళంచెవి కోసం మా ఇంటికే వచ్చేవారు. దిగువ వీధివాళ్ళు కల్వర్టు అడుగున ఏళ్ళ తరబడి పేరుకున్నదంతా పారలతో లాగేశారు. జ్యేష్ఠంలో మొదటి జోరువాన పడినప్పుడు చిన్నతల్లి తడుస్తూ వెళ్ళి చూసొచ్చి, “ఎల్తన్నాది తులసీ! గెడ్డ దాని దారిన అది ఎల్తన్నాది!” అని వీధంతా వినేలా కేకేసింది. ఎండలూ వానలూ మళ్ళీ పాత వరసకి వచ్చేశాయని నేననను. ఈసారి వాటికి మా చెత్త తోడు వెళ్ళలేదు, అంతవరకు నిజం.

కొత్త చిక్కు మాత్రం ఒకటి వచ్చిపడింది. అటకలు దులుపుకున్న ఇల్లాళ్ళే ఒకరి తర్వాత ఒకరు చాటుగా రావడం మొదలెట్టారు. “నారాయణమ్మ పిన్ని కంచం ఒకటి ఎనక్కిచ్చీయే తులసీ. ఇంట్లో ఉంచుకుంతాం. రోజూ తింతాం,” అని. మొదట వచ్చింది చిన్నతల్లే.

“బ్యాంకులో ఏసినాక ఎనక్కి రాదు. తినాలనుంటే పెళ్ళి సెయ్యండి,” అని పంపేశాను. లోపల మావ వింటున్నాడని నాకు తెలుసు. వినాలనే గట్టిగా అన్నాను.

మూఢం రాకముందు ఆఖరి ముహూర్తాలకి రాజాం నుంచి కన్యకాపరమేశ్వరి గారు వచ్చారు. బట్టల దుకాణంవాళ్ళు, కలిగినవాళ్ళు. కొడుకు పెళ్ళికి కంచాలు కావాలన్నారు. పట్నంలోంచి మా దగ్గరికి రావడమే మాకు గొప్పగా ఉంది. గది తీసి చూపించాను. ఆవిడ ఒక కంచం తీసి, అటూ ఇటూ తిప్పి, ఇబ్బందిగా అడిగారు.

“పేర్లు లేనివి లేవామ్మా?”

నేను నోరు తెరిచేలోగా వాకిట్లోంచి మావ అన్నాడు. “నేవమ్మా. మా ఊళ్ళో పేరు నేనోలు ఎవులూ నేరు.”

ఆవిడ నవ్వి, అంచు మీది పేరు చదివారు. “ఈ నారాయణమ్మ గారు ఎవరు? అన్నిటి మీదా ఈవిడే ఉన్నారు.”

“నా ఇల్లాలు.”

“ఎలాంటి మనిషండీ?”

రెండేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. మావ గడప మీద కూర్చుని చెప్పడం మొదలెట్టాడు. నాకు తెలిసినవి చెప్పాడు, తెలియనివీ చెప్పాడు. కోపమొస్తే కూరలో ఉప్పు మానేసేదని చెప్పాడు. పెళ్ళిళ్ళంటే ఎంత పిచ్చో చెప్పాడు. ఎవరింట్లో బాజా మోగినా పనులొదిలేసి వెళ్ళి బంతిలో నిలబడి వడ్డించేదట. కన్యకాపరమేశ్వరి గారు తొందరపడకుండా అంతా విని, “ఇవే పంపించండి,” అని వెళ్ళారు.

పెళ్ళి రోజు పొద్దున్నే ఆటో వచ్చింది. బావా నేనూ బస్తాలు ఎక్కించి తాడు బిగిస్తుంటే లోపల్నుంచి మావ వచ్చాడు. ఇస్త్రీ పంచె, తెల్ల చొక్కా, భుజాన జరీ కండువా. నూనె రాసి దువ్విన తల. ఝాన్సీ పెళ్ళికి కూడా ఆయన ఇంతలా తయారవలేదు.

“ఎక్కడికి మావా?”

“రాజాం. పెళ్ళికి.”

“కన్యకాపరమేశ్వరమ్మ కంచాలడిగినాది గానీ, నిన్ను పిలవనేదు గదా?”

మావ బస్తాల పక్కన చోటు చేసుకుని కూర్చున్నాడు.

“నన్ను పిలవకపోతే ఏటి? మీ అత్తని పిలిసినారు గదే,” అన్నాడు.